‘మందు’ అని పిలిచే విషం: పనిచోటి జబ్బుల గురించి చెప్పడమెలా?

తెలుగు రైతు పురుగుల్ని చంపే రసాయనాన్ని ‘మందు’ అంటాడు. జ్వరానికి మింగే బిళ్ళా మందే, పత్తి మీద కొట్టే విషమూ మందే. మందు కొట్టే తైవాన్ పంపు భుజానికి తగిలించుకుని చేలోకి దిగిన కూలీ సాయంత్రానికి కళ్ళు మంటలని, తల తిరుగుతోందని చెబితే, మందు వాసన తగిలింది, మజ్జిగ తాగి పడుకోమంటారు ఇంట్లోవాళ్ళు. డబ్బా మీద పుర్రె బొమ్మ ఎంత పెద్దదిగా అచ్చువేసినా, రోజూ నోట నానే ఆ రెండక్షరాలు దాని హెచ్చరికను చెరిపేస్తూనే ఉంటాయి.

2003 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామాల్లో ఒక అధ్యయనం జరిగింది. పత్తి పండించే 50 మంది మహిళలు, మందు కొట్టిన రోజు తమకూ ఇంట్లో మగవాళ్ళకూ ఒంట్లో ఏం జరిగిందో స్వయంగా నమోదు చేశారు. మొత్తం 323 సందర్భాలు లెక్కకొచ్చాయి. వాటిలో దాదాపు 84 శాతంలో స్వల్పం నుంచి తీవ్రం దాకా విషప్రభావపు లక్షణాలు కనిపించాయి. మరో సంగతి కూడా బయటపడింది. చిక్కటి రసాయనాన్ని నీళ్ళలో కలిపేదీ, ఖాళీ అయిన పంపును మళ్ళీ నింపేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. పిచికారీ చేయడం ఎంత ప్రమాదమో ఆ పనీ అంతే ప్రమాదం. వాళ్ళ చేతి లెక్కలే దాన్ని బయటపెట్టాయి.

పనిచోట పొంచి ఉన్న జబ్బు గురించి పనివాళ్ళకు, తోటి ఉద్యోగులకు చెప్పి ఒప్పించడం ఎలా? వైద్యులు, కార్మిక సంఘాలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు, చట్టసభలు ఈ ప్రశ్నతో చాలాకాలంగా కుస్తీ పడుతున్నారు. వాళ్ళ అనుభవాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, తెలియకపోవడమనే ఒక్క కారణంతోనే జనం జాగ్రత్తలు మానడం లేదని అర్థమవుతుంది. ఇవాళ పోయే కూలి కళ్ళముందుంటుంది. పదిహేనేళ్ళ తర్వాత వచ్చే దగ్గు కనబడదు. ఈ తూకాన్ని మార్చగలిగిన మాటే ఎక్కడైనా పనిచేసింది.

దాచిన నిజాలు, వినని హెచ్చరికలు

వృత్తి వ్యాధుల వైద్యానికి ఆద్యుడిగా చెప్పుకునే బెర్నార్దినో రామజ్జీని 1700లో ఇటలీలోని మోదెనాలో తన గ్రంథాన్ని ప్రచురించాడు. ఆ పరిశోధన మొదలైంది ఒక కార్మికుడి మాటతోనే. తన ఇంటి మరుగుదొడ్డి గుంత ఖాళీ చేస్తున్న మనిషిని, ఎందుకంత హడావుడిగా పనిచేస్తున్నావని ఆయన అడిగాడు. ఎక్కువసేపు అందులో ఉంటే కళ్ళు పోతాయని ఆ మనిషి చెప్పాడు. ఊళ్ళో ఆ పనివాళ్ళను గమనించిన రామజ్జీనికి అది నిజమని తేలింది. నువ్వు చేసే పనేమిటి అన్న ప్రశ్నను రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో చేర్చాలని ఆయన వైద్యులకు సూచించాడు. ప్రమాదం గురించి మొదట తెలిసేది దానిలో మునిగి ఉన్నవాడికేనన్న గుర్తింపు ఈ విద్యకు పునాది.

ఆ పునాదిని పరిశ్రమలు చాలాసార్లు మరిచాయి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్టణంలో 1917 నుంచి గడియారాల ముఖాలకు చీకట్లో మెరిసే రేడియం రంగు వేసే పని అమ్మాయిలకిచ్చారు. కుంచె మొన సన్నబడటానికి పెదాల మధ్య పెట్టి తిప్పమని నేర్పారు. అడిగితే ఏ హానీ లేదన్నారు. అదే సంస్థలో రేడియంతో పనిచేసే శాస్త్రవేత్తలు మాత్రం సీసపు తెరలు అడ్డం పెట్టుకునేవారు. దవడ ఎముకలు కుళ్ళిపోయి అమ్మాయిలు చనిపోవడం మొదలయ్యాక ఐదుగురు కోర్టుకెక్కారు. 1928లో కేసు రాజీతో ముగిసింది.

మన దేశంలో ఈ కథకు పేరు భోపాల్. పురుగుమందుల కర్మాగారంలో ప్రమాదాలు జరుగుతున్నాయని అక్కడి కార్మికులు గొంతెత్తారు. పాత్రికేయుడు రాజ్‌కుమార్ కేస్వానీ 1982లోనే తన వారపత్రికలో నగరాన్ని హెచ్చరిస్తూ వరుసగా కథనాలు రాశాడు. ఎవరూ కదలలేదు. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి మిథైల్ ఐసోసైనేట్ అనే విషవాయువు నగరాన్ని కమ్మింది.

ఆ విషాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు ఆ ప్రమాదాలేమిటో, తీసుకున్న జాగ్రత్తలేమిటో కార్మికులకు, చుట్టుపక్కల ప్రజలకు చెప్పి తీరాలని 41బి సెక్షన్ ఆదేశించింది. ముంచుకొచ్చే ముప్పు గురించి హెచ్చరించే హక్కును 41హెచ్, సమాచారమూ శిక్షణా పొందే హక్కును 111ఎ కార్మికులకు ఇచ్చాయి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో వృత్తి భద్రత, ఆరోగ్యాలకు విడిగా ఒక కోడ్ ఉంది. కాగితం మీద హక్కులకు కొదవ లేదు. కానీ 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి విషపూరిత స్టైరిన్ ఆవిరి ఇళ్ళ మీదికి వచ్చినప్పుడు నిద్రపోతున్న జనాన్ని లేపే సైరన్ మోగలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. పన్నెండు మంది చనిపోయారు.

భయపెడితే వింటారా?

హెచ్చరిక అనగానే అందరికీ తోచేది భయపెట్టడం. దీని మీద శాస్త్రీయ వాదన 1953లో మొదలైంది. ఇర్వింగ్ జానిస్, సేమూర్ ఫెష్‌బాక్ అమెరికాలో హైస్కూలు విద్యార్థులకు దంతసంరక్షణ గురించి మూడు రకాల ప్రసంగాలు వినిపించారు. పుచ్చిన పళ్ళు, చీముపట్టిన చిగుళ్ళు చూపిన ప్రసంగానికి పిల్లలు బాగా బెదిరారు. కానీ సలహా పాటించడంలో ఆ బృందంలో కనిపించిన మార్పు 8 శాతమే. అతి తక్కువ భయపెట్టిన ప్రసంగానికి 36 శాతం వచ్చింది.

పన్నెండేళ్ళ తర్వాత హోవార్డ్ లెవెంతాల్ బృందం యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద మరో ప్రయోగం చేసింది. ధనుర్వాతం టీకా వేయించుకోమని కరపత్రాలిచ్చారు. భయం ఎక్కువైనా తక్కువైనా, ఉత్త కరపత్రం చదివినవాళ్ళలో టీకాకు వెళ్ళింది 3 శాతం. అదే కరపత్రానికి ఆరోగ్యకేంద్రం ఎక్కడుందో చూపే పటం, టీకా వేసే వేళలు, తీరిక చూసుకుని ఎప్పుడు వెళ్ళాలో నిర్ణయించుకోమనే సూచన జోడిస్తే 28 శాతం వెళ్ళారు. ఆ కేంద్రం విద్యార్థులకు తెలియని చోటేమీ కాదు.

ఈ పరిశోధనలను పరిశోధకురాలు కిమ్ విట్టే 1992లో ఒక సిద్ధాంతంగా కూర్చింది. ప్రమాదం పెద్దదని, తప్పించుకునే దారి తన చేతిలో ఉందని రెండూ నమ్మినప్పుడు మనిషి జాగ్రత్త పడతాడు. ప్రమాదం పెద్దదని తెలిసి దారి కనబడకపోతే ప్రమాదాన్ని వదిలేసి తన భయాన్ని తగ్గించుకునే పనిలో పడతాడు. నవ్వేస్తాడు, మాట మారుస్తాడు, చెప్పేవాడి మీద అనుమానపడతాడు.

క్వారీలోనో కంకర మిషన్ దగ్గరో రాయి పని చేసే కూలీతో, నీ ఊపిరితిత్తులు రాయి కడతాయని చెప్పామనుకుందాం. రాయి కోసే చోట నీళ్ళు చల్లే ఏర్పాటు లేదు. ఇచ్చిన మాస్కు వారానికే మూసుకుపోయింది, మార్చేవాళ్ళు లేరు. పని ఆపితే మేస్త్రీ రేపు పిలవడు. అప్పుడతను ‘తలరాతను ఎవరు తప్పిస్తారు’ అంటాడు. దాన్ని మూఢత్వంగా కొట్టిపారేయడం తేలిక. దారి మూసుకుపోయిన చోట మనసు కట్టుకునే గోడ అది. దారి తెరిస్తే ఆ గోడ దానంతటదే పలచబడుతుంది.

కనిపించని దుమ్మును చూపించడం

రాయి నుంచి లేచే సిలికా దుమ్ములో అసలు హాని చేసేది కంటికి ఆనదు. ఊపిరితిత్తుల లోతుకు చేరే రేణువు పది మైక్రాన్లలోపే ఉంటుంది. తల వెంట్రుక మందం దానికి అనేక రెట్లు. ముఖానికి చుట్టుకున్న తుండుగుడ్డ పెద్ద ధూళిని ఆపి, ప్రాణం తీసే సన్న ధూళిని లోపలికి వదులుతుంది. గుడ్డ మురికి కావడం చూసి, దుమ్మంతా అక్కడే ఆగిందని కూలీ ధీమాగా ఉంటాడు. ఆ దుమ్ము తెచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ ఒకసారి వస్తే నయం కాదు. పైగా క్షయలా కనిపించి ఏళ్ళ తరబడి తప్పు వైద్యానికి దారితీస్తుంది.

పెంకుటింట్లో కప్పు సందులోంచి దిగిన ఎండ చారలో ధూళి నాట్యమాడటం చూడనివారు మన ఊళ్ళలో లేరు. ఆ కిరణం పక్కన కూడా గాలిలో అంతే ధూళి ఉంటుంది, కానీ కనబడదు. బ్రిటన్‌లో ఆరోగ్య భద్రతా అధికారులు వాడే ‘డస్ట్ ల్యాంప్’ కిటుకు సరిగ్గా ఇదే. పనిచేస్తున్న మనిషి వెనుక నుంచి బలమైన కాంతిపుంజం వేస్తే అతని ముఖం చుట్టూ ముసురుకున్న మేఘం బయటపడుతుంది. స్వీడన్‌లో 1980లలో పనిచేసే మనిషి వీడియోనూ, అతను పీల్చే గాలిని కొలిచే మీటరు రీడింగునూ ఒకే తెర మీద చూపే పద్ధతి తయారైంది. పనిలో ఏ కదలికకు సూచీ పైకి లేస్తోందో కార్మికుడు తానే చూసుకోవచ్చు.

పురుగుమందుల విషయంలో అమెరికా పరిశోధకుడు రిచర్డ్ ఫెన్‌స్కే ప్రతిదీప్తి పదార్థాన్ని వాడాడు. పిచికారీ ద్రావణంలో దాన్ని కలిపి, పని అయ్యాక అతినీల లోహిత దీపం కింద నిలబెడితే, మందు పడ్డ చోటల్లా ఒళ్ళు మెరుస్తుంది. మెడ వెనుక, చేతి గ్లౌజు లోపల, చొక్కా కింద. గంట ఉపన్యాసం చేయలేని పని ఆ మెరుపు చేస్తుంది. ఖర్చులేని పద్ధతులూ ఉన్నాయి. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే, శబ్దం చెవికి చేటు చేసే 85 డెసిబెళ్ళ హద్దును తాకినట్టే. ఈ పరీక్షకు మీటరు అక్కర్లేదు.

పచ్చ గుర్తు, బెల్లం ముక్క

మన దేశంలో పురుగుమందు డబ్బా మీద వజ్రాకారపు గుర్తు, దాని కింది సగంలో ఒక రంగు ఉంటాయి. ఎరుపు అతి తీవ్ర విషం, పసుపు దాని తర్వాతిది, నీలం మధ్యరకం, ఆకుపచ్చ అన్నింటికన్నా తక్కువ. చదువు రానివారికీ అర్థం కావాలన్నది ఉద్దేశం. తెలుగులో మాత్రం ఇక్కడో చిక్కుంది. ‘పచ్చ’ అనే మాట పసుపుకూ వాడతాం, ఆకు రంగుకూ వాడతాం. పచ్చ గుర్తుంటే ఫరవాలేదని ఎవరైనా చెబితే, రెండో అత్యంత విషపూరిత రకాన్ని కూడా విన్నవాడు ఫరవాలేదనుకోవచ్చు. ఢిల్లీలో తయారైన సంకేతాన్ని ఊళ్ళోకి తెచ్చేముందు ఊరి నోట దాన్ని పలికించి చూడాలి. ‘మందు’ బదులు ‘పురుగుల విషం’ అనడం వ్యవసాయ విస్తరణ అధికారులు, రేడియో కార్యక్రమాలు మొదలుపెట్టగలిగిన పనే.

జనం నమ్మకాల దగ్గరా ఇలాంటి నేర్పే కావాలి. దుమ్ములో పనిచేసేవాళ్ళు బెల్లం తింటే గొంతులో, ఊపిరితిత్తుల్లో పేరుకున్నది దిగిపోతుందన్న నమ్మకం దేశమంతటా ఉంది. కొన్ని ఫ్యాక్టరీలు షిఫ్టు చివర బెల్లం పంచుతాయి కూడా. దీన్ని వెక్కిరిస్తే మాట అక్కడితో తెగిపోతుంది. లక్నోలోని పారిశ్రామిక విషశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఎలుకల మీద ఈ నమ్మకాన్ని పరీక్షించారు. బెల్లం పెట్టినప్పుడు ఊపిరితిత్తుల నుంచి రేణువులు బయటికి కదలడం కొంత పెరిగిందని 1994లో ప్రచురించారు. అంతమాత్రాన బెల్లం మనిషిని సిలికోసిస్ నుంచి కాపాడుతుందని అనలేం. ‘బెల్లం తినండి, కానీ దుమ్ము లోపలికి పోకుండా నీళ్ళు చల్లే పైపు కూడా అడగండి’ అని చెప్పే ఆరోగ్య కార్యకర్త మాటకు విలువ ఉంటుంది.

ఇక ఎవరి భాషలో చెప్పాలన్న సంగతి. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔషధ ఫ్యాక్టరీల్లో, భవన నిర్మాణాల్లో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్ళు పెద్దసంఖ్యలో ఉన్నారు. వాళ్ళకు తెలుగు బోర్డు ఎంతో, గల్ఫ్‌లో నిజామాబాద్ కూలీకి అరబిక్ బోర్డు అంత.

చెప్పేది ఎవరు?

1960లలో ఇటలీలోని తూరిన్‌లో వైద్యుడు ఇవార్ ఒద్దోనే, ఫియట్ కార్మికులు కలిసి ఒక పద్ధతి రూపొందించారు. ఒకే రకం పనిచేసేవాళ్ళు ఒక బృందంగా కూర్చుని, తమ షాపులో వేడి, శబ్దం, ఆవిర్లు, పని వేగం, అలసట ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీస్తారు. తమ ఆరోగ్యాన్ని తూచే పనిని ఎవరికీ అప్పగించకూడదన్నది వాళ్ళ సూత్రం. నిపుణుడు కొలతలు తీస్తాడు, కానీ ఆ కొలతలు తాము పడుతున్న బాధతో సరిపోతున్నాయా అన్నది బృందమే తేలుస్తుంది. ఈ ‘ప్రమాద పటాలు’ తర్వాత లాటిన్ అమెరికాకు, ఉత్తర అమెరికాకు పాకాయి. గోడకు మనిషి బొమ్మ వేసి, ఎవరికెక్కడ నొప్పో అక్కడ చుక్క అంటించే పద్ధతి దానికి తమ్ముడు. ఒక్కడి నడుంనొప్పి వయసు ఖాతాలోకి పోతుంది. ఇరవై మంది చుక్కలు ఒకేచోట గుమికూడితే యజమానికైనా, సాటి కార్మికుడికైనా తోసిపుచ్చడం కష్టం.

ఆంధ్ర గ్రామాల్లో పత్తి మహిళలు రాసిన లెక్కలదీ ఇదే బలం. మైఖేల్ బర్క్ బృందం 95 అధ్యయనాలను, దాదాపు 21 వేల మందిని కలిపి 2006లో చేసిన విశ్లేషణ దీన్ని అంకెలతో చెప్పింది. ఉపన్యాసాలు, కరపత్రాల కన్నా చేతితో చేసి చూపి, చేయించే శిక్షణ జ్ఞానాన్ని పెంచడంలో సుమారు మూడు రెట్లు మెరుగు. ప్రమాదాలు, జబ్బులు తగ్గడంతోనూ దానికే ఎక్కువ సంబంధం కనిపించింది.

తోటి ఉద్యోగిని ఒప్పించడం

సహోద్యోగుల దగ్గర చిక్కు వేరు. వాళ్ళకు విషయం తెలుసు, తెలుసునన్న అహమూ ఉంటుంది. 1847లో వియన్నా ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్, శవపరీక్ష గది నుంచి ప్రసూతి వార్డుకు వచ్చే వైద్యులు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడగాలన్నాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన బాలింత మరణాలు జూన్‌కు 2 శాతం దగ్గరికి పడిపోయాయి. ఇంత స్పష్టమైన ఫలితం చేతిలో ఉన్నా ఆయన తన కాలపు వైద్యులను గెలుచుకోలేకపోయాడు. పుస్తకం రాయడానికి 1861 దాకా ఆగాడు. ఎదిరించినవాళ్ళను హంతకులంటూ బహిరంగ లేఖలు రాశాడు. ఆయన చెప్పింది నిజం. ఆ నిజాన్ని ఒప్పుకోవాలంటే ప్రతి వైద్యుడూ తన చేతులతో ఎంతమంది తల్లులను చంపాడో కూడా ఒప్పుకోవాలి. ముఖం దాచుకునే చోటు ఆయన వాళ్ళకు మిగల్చలేదు.

2011లో పరిశోధకులు ఆడం గ్రాంట్, డేవిడ్ హాఫ్‌మన్ ఇదే సమస్యను మరో వైపు నుంచి ముట్టుకున్నారు. అమెరికా ఆసుపత్రిలో సబ్బు యంత్రాల పక్కన, చేతులు కడిగితే మీకు జబ్బు రాదని కొన్నిచోట్ల, చేతులు కడిగితే రోగులకు జబ్బు రాదని కొన్నిచోట్ల రాశారు. రెండో బోర్డులున్నచోట సబ్బు ఖర్చు పెరిగింది, మొదటి వాటి వల్ల ఏమీ మారలేదు. తనకేం కాదన్న ధీమా ఉన్న మనిషి కూడా తన మీద ఆధారపడ్డవాడి గురించి ఆలోచిస్తాడు. మనసంతా ఇంటి మీదే ఉండే మన కూలీకి ఇది మరింత వర్తిస్తుంది. మందు తడిసిన చొక్కాతో పిల్లను ఎత్తుకోవద్దన్న మాట, గ్లౌజులు తొడుక్కోమన్న మాట కన్నా లోతుకు వెళ్తుంది.

ఎండ, కిడ్నీ, తేలని కారణం

నికరాగ్వా చెరకుతోటల్లో ఎండలో పనిచేసే యువ కూలీలు మూత్రపిండాల జబ్బుతో కుప్పకూలుతుంటే, ‘నీరు, విశ్రాంతి, నీడ’ అన్న మూడు మాటల కార్యక్రమం మొదలైంది. నీళ్ళు తాగండని చెప్పడం సులువు. టన్నుల లెక్కన కూలి వచ్చేచోట నరికేవాడు ఆగడు. నిర్ణీత వేళల్లో తప్పనిసరి విరామాలు పని పద్ధతిలోనే కలిపాక కిడ్నీ దెబ్బతినడం బాగా తగ్గింది. తెలుగువాళ్ళు వేలల్లో పనిచేసే ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1, సెప్టెంబర్ 15 మధ్య ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆరుబయట పని నిషేధం. వేడి, తేమలను కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పరిస్థితి ఇంకా క్లిష్టం. అక్కడి కిడ్నీ వ్యాధికి నీరు, నేలలోని లోహాలు, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు, ఎండలో ఒళ్ళు ఆరిపోవడం అని అనేక కారణాలు ప్రతిపాదించారు. ఏదీ ఖాయంగా రుజువు కాలేదు. ఇలాంటి చోట ఒక కారణాన్ని ఖాయమన్నట్టు చెప్పి, రేపు మారిస్తే జనం మరెప్పుడూ నమ్మరు. ఇంకా తేలలేదన్న నిజాన్ని, తేలేలోపు నష్టం లేని జాగ్రత్తలను పక్కపక్కనే చెప్పాలి: రక్తపరీక్ష, ఎండవేళ విరామం, వైద్యుడు రాయని నొప్పి బిళ్ళలకు దూరం.

మాట ఆగే చోటు

చెప్పడానికీ ఒక హద్దుంది. శిక్షణా కార్యక్రమాలపై జరిగిన ప్రయోగాలను లిండా రాబ్సన్ బృందం 2012లో సమీక్షించింది. శిక్షణ కార్మికుల నడవడిని మారుస్తుందనడానికి గట్టి ఆధారం దొరికింది. అది ఒక్కటే జబ్బుల్ని, గాయాల్ని తగ్గిస్తుందనడానికి చాలినంత ఆధారం దొరకలేదు. ఆస్ట్రేలియాలో వంటింటి గట్లకు వాడే కృత్రిమ రాయి కోసే యువకులకు సిలికోసిస్ రావడం పెరిగింది. హెచ్చరికలు, నిబంధనలు సరిపోవని ఆ దేశం తేల్చుకుని 2024 జూలై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. విషాన్ని తీసేయడం ముందు, యంత్రాన్ని మార్చడం తర్వాత, మాస్కూ పోస్టరూ అన్నింటికన్నా చివర. హెచ్చరిక బోర్డు పెట్టి మొదటి రెండు పనులూ ఎగ్గొట్టే యజమాని చెప్పాల్సింది చెప్పినట్టు కాదు.

ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినం నాడు మన ఫ్యాక్టరీల్లో ప్రతిజ్ఞలు చేయిస్తారు, బ్యానర్లు కడతారు. ఆ గంటను మరోలా వాడమని యాజమాన్యాలను, సంఘాలను, భద్రతా అధికారులను అడగాలి. గోడకు ఒక మనిషి బొమ్మ గీయండి. ప్రతి కార్మికుడికీ, కాంట్రాక్టు కూలీకీ నాలుగు బొట్టుబిళ్ళలు ఇచ్చి నొప్పి ఉన్నచోట అంటించమనండి. బిళ్ళలు ఎక్కువ పడ్డచోటికి కారణమేమిటో వాళ్ళనే అడగండి. దాన్ని సరిచేసే తేదీ, బాధ్యుడి పేరు ఆ బొమ్మ కిందే, అందరికీ అర్థమయ్యే భాషల్లో రాసి సంతకం పెట్టండి. ఆ తేదీ వచ్చేదాకా బొమ్మను గోడ మీద నుంచి తీయకండి.